బ్రిటన్‌లో వీల్‌చెయిర్‌తో హోటల్ బుక్ చేసే ముందు

వీల్‌చెయిర్ వాడే అమ్మనో నాన్ననో బ్రిటన్ చూపించాలనుకుంటే, హోటల్‌కి ముందే ఒక్క ఫోన్ చేయండి. వెబ్‌సైట్‌లో ‘యాక్సెసిబుల్ రూమ్’ అని ఉంటే సరిపోదు. మేం అది నమ్మే వెళ్లాం. బాత్రూమ్ గోడకి పట్టుకునే కడ్డీలున్నాయి గానీ, స్నానానికి ఉన్నది టబ్బు. అమ్మ కాలెత్తి అందులోకి దిగలేకపోయింది. రెండు రోజులు తడి టవల్‌తో ఒళ్లు తుడుచుకుంది. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే ‘వెట్ రూమ్ ఉందా?’ అని ఆ మాటే వాడి అడగండి. అంటే గట్టు లేకుండా నేలంతా సమంగా ఉండి, షవర్ కుర్చీతో నేరుగా నీళ్ల కిందికి వెళ్లగలిగే బాత్రూమ్. మీ వీల్‌చెయిర్ వెడల్పు టేపుతో కొలుచుకుని, తలుపు ఎన్ని సెంటీమీటర్లో కనుక్కోండి. మంచం ఎత్తు కూడా అడగండి. పాత భవనాల్లో లోపల లిఫ్ట్ ఉన్నా గుమ్మం ముందు మెట్లు ఉండొచ్చు, అది మర్చిపోవద్దు. జవాబులన్నీ ఈమెయిల్‌లో తెప్పించుకుంటే టెన్షన్ ఉండదు.

లండన్‌లో తిరగడానికి బస్సులే హాయి. అన్నిటికీ ర్యాంప్ ఉంటుంది, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి టికెట్ అక్కర్లేదు. నల్ల టాక్సీలకీ ర్యాంప్ ఉంటుంది. ట్యూబ్‌లో, అంటే అక్కడి భూగర్భ మెట్రోలో మాత్రం చాలా స్టేషన్లలో మెట్లే. వేరే ఊళ్లకి రైల్లో వెళ్తే ‘ప్యాసింజర్ అసిస్ట్’ ముందే బుక్ చేయండి, సిబ్బంది ర్యాంప్ వేసి ఎక్కిస్తారు. దీనికి డబ్బు తీసుకోరు.

‘రాడార్ కీ’ అనే తాళంచెవి ఒకటి కొనుక్కోండి. తాళం వేసి ఉండే వికలాంగుల టాయిలెట్లు దేశమంతటా వేలల్లో దానితో తెరుచుకుంటాయి.