నియాన్ టెట్రాలను కొత్త తొట్టెకు అలవాటు చేసే తీరు

నియాన్ టెట్రాలనే చిన్న అక్వేరియం చేపలు ఇంటికి వచ్చిన వారం లోపే చనిపోతే చాలామంది రోగమని అనుకుంటారు గానీ, తరచుగా అసలు కారణం నీటిలో వచ్చే హఠాత్తు మార్పే. అమెజాన్ నది ఎగువ ప్రాంతపు మృదువైన, కొంచెం ఆమ్లగుణం గల నీరు ఈ జాతికి పుట్టినిల్లు. మన బోరు నీరేమో చాలాచోట్ల కఠినజలం. కాబట్టి చేపలను తెచ్చిన సంచిని పావుగంట తొట్టెలో తేల్చి, ఉష్ణోగ్రతలు సమానమయ్యాక చేపలను ఆ నీటితో సహా చిన్న బకెట్‌లోకి మార్చి, గాలి పంపుకు వాడే సన్నని గొట్టానికి వదులుగా ముడివేసి, తొట్టె నీరు సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున సుమారు గంటసేపు బకెట్‌లో పడేలా చూడండి. తర్వాత చేపలను వలతో మాత్రమే తీసి వదలాలి. సంచి నీరు తొట్టెలో కలపకూడదు.

కొత్తగా నీరు నింపిన తొట్టెలో వీటిని వేయకండి. ఫిల్టర్‌లో మేలుచేసే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

గుంపులో కనీసం 6, వీలైతే 10 చేపలు ఉండాలి. ఒకటో రెండో అయితే మొక్కల చాటున నక్కి, మేతకైనా బయటికి రావు. నోరు చాలా చిన్నది కనుక మేత రేకులను వేళ్ల మధ్య పొడి చేసి, రెండు నిమిషాల్లో తినేటంతే వేయండి. తెల్లవారి దీపం వేయగానే నీలిచార వెలిసిపోయి కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, చీకట్లో మసకబారిన ఆ రంగు కాసేపట్లో తిరిగి వస్తుంది.