ఆల్ఫా బాగుంది సరే, సప్రమాణత మాటేమిటి?

దాంపత్య సంతృప్తి మీద ప్రశ్నావళి తయారుచేసి, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.9 వచ్చిందని సంబరపడే పరిశోధక విద్యార్థులకు ఒక మాట. ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయని మాత్రమే. అవి కొలుస్తున్నది సంతృప్తినా, పరువు కాపాడుకునే తాపత్రయాన్నా అన్నది దానికి తెలియదు. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా అన్నదే సప్రమాణత.

అందుకే, తేడా ముందే తెలిసిన రెండు బృందాలకు ఇచ్చి చూడండి. 1976లో స్పానియర్ అనే పరిశోధకుడు దాంపత్యాన్ని కొలిచే తన 32 అంశాల మాపనిని (కొలిచే ప్రశ్నావళిని) 218 మంది వివాహితులకు, 94 మంది విడాకులు తీసుకున్నవారికి ఇచ్చారు. సగటు మార్కులు వరుసగా 114.8, 70.7. తేడా అలా కొట్టొచ్చినట్టు కనిపించాలి.

చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. "నా జీవిత భాగస్వామిలో ఒక్క లోపమూ లేదు" లాంటి నమ్మశక్యం కాని వాక్యాలు కొన్ని కలపండి. వాటికి అవునన్నవారికే మీ మాపనిలోనూ మార్కులు దండిగా పడుతుంటే అనుమానించాల్సిందే. ఎడ్మండ్స్ అనే పరిశోధకుడు 1967లో ఈ పనికోసమే విడిగా ఒక మాపని తయారుచేశారు.

అన్నట్టు, భార్యాభర్తలకు కాగితాలు వేర్వేరు గదుల్లో ఇవ్వండి. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఏ కోడలైనా "చాలా సంతృప్తి" దగ్గరే టిక్కు పెడుతుంది.