వెనక ఇరుసు గేర్లు మారిస్తే డ్రాగ్ టైమ్ తగ్గుతుందా? ముందు లెక్క, తర్వాతే స్పానర్

రాయగడ, జయపురం, బరంపురం వైపు మన కుర్రాళ్లకు జీపులు, బొలెరోలు, థార్‌లు విప్పి బిగించే సరదా ఎక్కువ. సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఈడ్చకూడదని క్రౌన్-పినియన్ (వెనక ఇరుసులో ఒకదానితో ఒకటి కలిసి తిరిగే పెద్ద, చిన్న గేర్లు) మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పికప్ చూసి "డ్రాగ్‌కి కూడా ఇదే చేయిద్దామా అన్నా?" అని అడుగుతుంటారు. డ్రాగ్ అంటే ఆగి ఉన్న బండి 402 మీటర్ల తిన్నని దారిని ఎంత త్వరగా దాటుతుందో చూసే పందెం. కొన్ని బండ్లకు నిజంగానే టైమ్ తగ్గుతుంది, కొన్నిటికి ఉన్న టైమ్ కూడా చెడుతుంది. మీ బండి ఏ రకమో గ్యారేజీ గుమ్మం ఎక్కకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఇది వెనక చక్రాలతో నడిచే బండ్ల సంగతి. స్విఫ్ట్ లాంటి కార్లకు వెనక ఇరుసులో ఈ గేర్లే ఉండవు.

1. ఇప్పుడున్న రేషియో తెలుసుకోండి

క్రౌన్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41, 11 అయితే 3.73. 41, 10 అయితే 4.10. పాత సిజె-3బి జీపుల్లో 43, 8 ఉండేవి, అంటే 5.38. అంకె పెరిగేకొద్దీ పికప్ పెరుగుతుంది, అదే ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర స్పీడ్ తగ్గుతుంది.

హౌసింగ్ విప్పకుండానే కనుక్కోవచ్చు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ తీసేయండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండ్ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే కడ్డీ) మీద సుద్దతో గీత గీసి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ రేషియో, మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) అయితే.

2. టైరు కొలవండి

టైరు మీద, నేల మీద గీత పెట్టి, డ్రైవర్ సీట్లో మనిషి ఉండగా బండిని ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలవండి. టైరు మీద రాసి ఉన్న సైజు నుంచి లెక్క కడితే బరువుకు అణిగిన తేడా అందులో రాదు.

3. అసలు లెక్క

ఆర్‌పీఎమ్ = గంటకు కి.మీ. వేగం × 1000 × ఆ గేరు రేషియో × క్రౌన్ రేషియో ÷ (60 × టైరు చుట్టుకొలత మీటర్లలో).

ఒక కారు అనుకుందాం. టైరు 2.1 మీటర్లు, మూడో గేరు 1.40, నాలుగోది 1.00. ఇంజిన్ గరిష్ట పవర్ 5,500 దగ్గర, రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎమ్) 6,000. ఇప్పుడున్న క్రౌన్ 3.73. ఇది 402 మీటర్ల గీతను 140 కి.మీ. వేగంతో దాటుతోంది. మూడో గేరులో అప్పుడు ఇంజిన్ సుమారు 5,800 తిరుగుతుంది. గరిష్ట పవర్‌ను కాస్త దాటి, రెడ్‌లైన్‌కు లోపు. ఇంతకంటే ఏం కావాలి? ఇదే బండికి 4.10 వేస్తే మూడో గేరు 132 దగ్గరే అయిపోతుంది. గీతకు కొద్ది ముందు నాలుగో గేరు వేయాలి. క్లచ్ తొక్కినంతసేపూ చక్రాలకు పవర్ అందదు, నాలుగులో పడ్డాక ఇంజిన్ 4,300 దరిదాపుల్లో ఉంటుంది. స్టార్టింగ్‌లో సంపాదించింది చివర్లో పోగొట్టుకున్నట్టే.

అవే కొలతలున్న ఇంకో బండి అదే గీతను 120 దగ్గర మూడో గేరులోనే దాటుతోంది. 3.73తో 4,970 ఆర్‌పీఎమ్, 4.10తో 5,470. అదనపు గేరు మార్పు లేకుండా సరిగ్గా పవర్ ఉన్నచోట పడింది. దీనికి మారిస్తే లాభం ఉంది.

క్రౌన్ మారిస్తే ఇంజిన్ పవర్ పిసరంత కూడా పెరగదని గట్టిగా గుర్తుపెట్టుకోండి. 3.73 నుంచి 4.10కి వెళ్తే చక్రానికి అందే టార్క్ (తిప్పే బలం) సుమారు 10 శాతం పెరుగుతుంది, అంతే. లాభం ఎక్కువగా మొదటి కొన్ని మీటర్లలో కనబడుతుంది. గీత దాటే వేగం పెద్దగా మారదు.

4. టైర్ల పట్టు చూడండి

స్టార్టింగ్‌లోనే టైర్లు జారి తిరుగుతుంటే, క్రౌన్ మార్చడం చేతిచమురు వదిలించుకోవడమే. జారడం ఇంకా ఎక్కువవుతుంది. ముందు మంచి టైర్లు వేయించండి, గాలి సరిచూడండి, అక్కర్లేని బరువు దించండి. నా ఉద్దేశంలో చాలా బండ్లకు ఈ ఖర్చే ముందు పెట్టాలి.

5. బిగింపు

సామాను విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించినా, ఇంకెక్కడ కొన్నా, క్రౌన్, పినియన్ జతగానే కొనండి. రెండిటినీ కలిపి అరగదీసి జత చేస్తారు. జత నంబరు ఉంటే రెండిటి మీదా ఒకటేనా చూడండి. పాత క్రౌన్‌కు కొత్త పినియన్ తగిలిస్తే మోత, ఆ తర్వాత పళ్లు లేచిపోవడం. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు ఇరుసులోనూ అదే రేషియో వేయాలి, లేకపోతే ఫోర్‌బైఫోర్ వేసిన రోజున ఏదో ఒకటి విరుగుతుంది.

మెకానిక్ పనితనం తెలిసేది మార్కింగ్ పేస్ట్ (పళ్లు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూపే రంగు పూత) దగ్గర. నాలుగైదు క్రౌన్ పళ్లకు పేస్ట్ పూసి, చక్రాన్ని కాస్త బిగపట్టి క్రౌన్‌ను అటూ ఇటూ తిప్పుతాడు. పినియన్ ఒరుసుకున్నచోట పేస్ట్ చెరిగి మచ్చ కనిపిస్తుంది. అది పన్ను మధ్యలో ఉండాలి. పన్ను కొసకు ఎక్కితే పినియన్ దూరంగా ఉంది, మొదట్లోకి దిగితే మరీ లోపలికి పోయింది. షిమ్ (పినియన్ దూరం సరిచేసే పలచని రేకు) మార్చి మళ్లీ చూడాల్సిందే. పళ్ల మధ్య ప్లే డయల్ గేజ్‌తో కొలిచి, మీ బండి మాన్యువల్‌లోని అంకెకు తేవాలి. "చేత్తో చూస్తే తెలిసిపోతుంది" అనే చోట పని ఇవ్వకండి.

కొత్త జిఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసి, మొదట 15, 20 నిమిషాలు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. 800 కి.మీ.లోపు ఆయిల్ మార్చండి. అప్పటిదాకా రేసు మాట వద్దు. గేర్‌బాక్స్ నుంచి నడిచే స్పీడోమీటర్ అయితే ఇకపై అసలు స్పీడ్ కంటే ఎక్కువ చూపిస్తుంది.

6. పరీక్ష

ఎన్‌హెచ్ 16 మీద రాత్రిపూట పందేలు వద్దే వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద జైలు, జరిమానా ఉన్నాయి. అంతకుమించి, ఆ రోడ్డు మీద ఇంటికి పోయే మనుషులు ఉంటారు. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసులను పర్యవేక్షించే సంఘం) అనుమతి ఉన్న డ్రాగ్ ఈవెంట్లకు వెళ్లండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో అవి జరుగుతుంటాయి.

క్రౌన్ మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి, అవే టైర్లు, అదే గాలితో పరుగెత్తించి టైమ్ స్లిప్పులు పక్కపక్కన పెట్టండి. 60 అడుగుల టైమ్ (మొదటి 60 అడుగులు దాటడానికి పట్టిన సమయం) తగ్గి 402 మీటర్ల టైమ్ తగ్గకపోతే, మీ సమస్య చివర్లో వేసిన ఆ అదనపు గేరు. 60 అడుగుల టైమే పెరిగితే టైర్లు జారుతున్నాయి.