నీటి పరీక్ష నేర్చుకుందాం – 4: రంగు వెలిస్తే ఫ్లోరైడ్

పోయిన భాగంలో పిపెట్ పట్టడం, నీళ్లను కొలత ప్రకారం పలచన చేయడం చూశాం కదా, ఈసారి ఆ రెండింటితోనే నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తేలుద్దాం. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ వల్ల వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు చూసినవాళ్లకు ఈ కొలత ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. గ్రానైట్ రాళ్లలోంచి దిగుతుంది కాబట్టి పక్కపక్క బోర్లలోనూ తేడా ఉంటుంది, ఊరికొక శాంపిల్ చాలదు, బోరుకొకటి తీయాలి. ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, ముందు అవే నీళ్లతో మూడుసార్లు తొలవండి.

జిర్కోనియం అనే లోహం, స్పాడ్న్స్ అనే డై కలిస్తే ఎర్రటి ద్రావణం వస్తుంది. ఫ్లోరైడ్ జిర్కోనియంను తనవైపు లాగేసుకుంటుంది, ఆ మేరకు ఎరుపు వెలిసిపోతుంది. ఆ రంగును స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూపే యంత్రం)లో కొలుస్తాం. అంటే 570 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నమాట, గ్రాఫ్ కిందికి దిగుతుంది, కంగారు పడకండి.

221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. దాన్ని పదింతలు పలచన చేసి, అందులోంచి 0, 1, 3, 5, 7 మి.లీ. తీసి ఒక్కోటి 50 మి.లీ.కి తెండి. లీటరుకు 0, 0.2, 0.6, 1.0, 1.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డులు (ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) వచ్చాయి. అన్నింటిలో 10 మి.లీ. రియేజెంట్ (పైన చెప్పిన ఎర్రటి ద్రావణం) వేసి చదవండి, ఆ రీడింగులతో గ్రాఫ్ గీయండి. మొదట్లో నేను ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిల్‌ను అలాగే పెట్టేసి రోజంతా తప్పు అంకెలు రాసుకున్నాను. స్టాండర్డులు, శాంపిళ్లు ఒకే వేడిలో ఉండాలి.

బోరు నీళ్లు 10 మి.లీ. తీసుకుని 50 మి.లీ.కి తెచ్చారు, గ్రాఫ్‌లో 0.8 వచ్చింది. ఐదింతలు పలచన చేశాం కాబట్టి అసలు సంగతి లీటరుకు 4.0 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 1 దాటకూడదు, వేరే నీళ్ల దారి లేకపోతే 1.5 దాకా. ఇక ఆ బోరు నీళ్లు తాగడానికి పనికిరావు.

అసలు చిక్కు ఇక్కడుంది. నల్గొండ పద్ధతిలో నీళ్లను శుద్ధి చేసేది పటిక, సున్నంతోనే. పటికలోని అల్యూమినియం కాస్త నీళ్లలో మిగిలినా ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని మన రంగు పరీక్షకు చిక్కనివ్వదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. శుద్ధి చేశాం, అంకె తగ్గింది అని ఊరందరికీ చెప్పేస్తే, ఆ మాట నమ్మి పిల్లలకు తాగించేది తల్లులు! అందుకే ఒక్క రీడింగ్‌తో ఎప్పుడూ ఆగకండి.

ఇంటిపని: అవే 10 మి.లీ. నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్ (పదింతలు పలచన చేసింది) 1 మి.లీ. కలిపి, 50 మి.లీ.కి తెచ్చి మళ్లీ చదవండి. 0.8 కాస్తా 1.0 కావాలి. 0.85 దగ్గరే ఆగిందంటే లోపల ఏదో అడ్డుపడుతోంది, అలాంటి నీళ్లను ఎలక్ట్రోడ్‌తో ఎలా కొలవాలో వచ్చే భాగంలో చేద్దాం.