ప్లాట్‌ఫారం ఆట పోలికతో ఫైటింగ్ స్టేజ్: కాళ్లు నేలకు ఆనకపోతే ఏం చూడాలి

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ తరహాలో ఇటుకల నేల, దాని వెనక మహేంద్రగిరి కొండ, గట్టు మీద వెళ్లే, ఒడిశాలోని పర్లాకిమిడి చిన్న రైలు. ఫైటింగ్ ఆటలు తయారుచేసే మ్యూజెన్ ఇంజిన్‌కి ఇలాంటి స్టేజ్ (యోధులు తలపడే బరి) కట్టేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులూ, వాటి కారణాలూ, సరిచేసే తీరూ ఇక్కడ ఉన్నాయి. కొలతలన్నీ ఈ ఒక్క స్టేజ్‌వే: ముఖ్య బొమ్మ వెడల్పు 768, ఎత్తు 384 పిక్సెళ్లు; తెర 320 × 240. ఐకెమెన్ గో అనే మరో ఇంజిన్ కూడా ఇదే రకం స్టేజ్ ఫైళ్లను చదువుతుంది కాబట్టి దానికీ చాలామటుకు పనికొస్తాయి. సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.

ముందుగా ఒక మాట. అసలు ఆట బొమ్మలను కత్తిరించి అతికించకండి. అవి ఆ ఆట చేసిన నింటెండో సొత్తు. పోలిక తీసుకుని టైళ్లు (పక్కపక్కన పేర్చే చిన్న చదరపు బొమ్మలు) మీరే గీయండి. గొట్టం ఉన్నచోట స్టేషన్ నీళ్ల గొట్టం పెట్టండి, కోట ఉన్నచోట గజపతుల రాజమహల్ ఛాయ పెట్టండి. అప్పుడే స్టేజ్ మీ ఊరిదవుతుంది.

పరీక్షించేటప్పుడు మార్పు చేసిన ప్రతిసారీ ఆట మూసి తెరవక్కర్లేదు. స్టేజ్ సెట్టింగులుండే డెఫ్ ఫైల్ సేవ్ చేసి, డీబగ్ అనుమతి ఉన్న ఆటలో షిఫ్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే స్టేజ్ మళ్లీ లోడ్ అవుతుంది.

స్టేజ్ జాబితాలో కనిపించడం లేదు

క్యారెక్టర్లు, స్టేజ్‌ల జాబితా ఉండే సెలెక్ట్ డెఫ్‌లో స్టేజ్ పేరును క్యారెక్టర్ల విభాగంలో వేసి ఉంటారు. విడిగా వేసే స్టేజ్‌కి ఎక్స్‌ట్రాస్టేజెస్ అనే విభాగం ఉంది; స్టేజెస్ ఫోల్డర్ పేరుతో సహా పూర్తి దారి అక్కడ రాయాలి. రెండో అనుమానం ఫైల్ పేరు మీద. తెలుగులోనో ఒడియాలోనో పేరు పెడితే ఇంజిన్ దాన్ని సరిగా చదవదు. ఖాళీలు లేకుండా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. ఎంపిక తెర మీద చూపే పేరుదీ అదే గొడవ: ఆ ఫాంట్ అక్షరాల బొమ్మల మూట, అందులో తెలుగు ఉండదు. తెలుగు పేరు చూపాలనుంటే స్టేజ్ బొమ్మలోనే బోర్డుగా గీయాలి. దాని సంగతి కింద ఉంది.

యోధులు గాల్లో తేలుతున్నారు, లేదా మోకాళ్ల దాకా నేలలో దిగబడ్డారు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. నేల గీత ఎక్కడుందో ఇంజిన్‌కి బొమ్మ చూసి తెలియదు. జెడ్‌ఆఫ్‌సెట్ అనే అంకె చెప్పాలి: తెర పై అంచు నుంచి నేలకు ఎన్ని పిక్సెళ్లో అదే ఆ అంకె. మన స్టేజ్‌లో నేల ఒక్క వరుస ఇటుకలు, 32 పిక్సెళ్ల మందం. 240 లోంచి 32 తీసేస్తే 208. పాదాలు సరిగ్గా ఇటుక అంచు మీద నిలబడితే కొంచెం తేలినట్టే అనిపిస్తుంది, కాబట్టి 210 దాకా దించి చూడండి.

బొమ్మను కూడా దానికి తగ్గట్టు కూర్చోబెట్టాలి. స్ప్రైట్ యాక్సిస్‌ను (బొమ్మను ఆనించే బిందువును) బొమ్మ పై అంచు మధ్యలో, అంటే అడ్డంగా 384, నిలువుగా 0 దగ్గర పెట్టండి. బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే స్టార్ట్ విలువ 0, -144. ఎందుకంటే 384 ఎత్తున్న బొమ్మ అడుగు 240 దగ్గర ఆగాలంటే 144 పైకి జరపాలి.

ఇన్ని చేసినా యోధులు తెర మధ్యకు ఎగిరిపోయినట్టుంటే, లేదా స్టేజ్ మూలకు కుంచించుకుపోతే, స్టేజ్ కొలతలు ఏ తెర లెక్కలో ఉన్నాయో చెప్పే లోకల్‌కోఆర్డ్ చూడండి. అది 640, 480 అని ఉండి మిగతా అంకెలన్నీ 320 లెక్కలో ఉంటే అన్నీ సగానికి పడిపోతాయి. ఒకే లెక్క పట్టుకోండి: 320, 240 పెట్టి ఈ అంకెలే వాడండి, లేదా 640, 480 పెట్టి ప్రతి అంకెనూ రెట్టింపు చేయండి. సగం ఇదీ సగం అదీ కుదరదు.

యోధుల ముందు ఇటుకలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి

అసలు ఆటలో ఇటుక 16 పిక్సెళ్లు. చిన్న మారియో ఎత్తు ఒక ఇటుక, పుట్టగొడుగు తిన్నాక రెండు. మ్యూజెన్‌తో పాటు వచ్చే కుంగ్ ఫూ మ్యాన్ సుమారు 100 పిక్సెళ్లు ఉంటాడు, అంటే ఆరు ఇటుకలు. పాత కొలతలో గీసిన గొట్టం అతని మోకాలి దగ్గర ఆగిపోతుంది. ప్లాట్‌ఫారం ఆట దూరం నుంచి చూసే లోకం, ఫైటింగ్ ఆట దగ్గర నుంచి చూసే బరి. బొమ్మను ఉన్నదున్నట్టు తెస్తే ఆ తేడా బయటపడుతుంది.

అందుకే టైళ్లను సరిగ్గా రెండింతలు చేయాలి: 16 కాస్తా 32. ఒకటిన్నర రెట్లు చేస్తే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. బొమ్మలు దిద్దే జింప్‌లో పెంచేటప్పుడు ఇంటర్‌పొలేషన్ 'నన్' పెట్టండి, లేకపోతే అంచులు అలుక్కుపోతాయి. అసలు ఆటలో నేల రెండు వరుసలు. రెండింతలు చేశాక అది 64 పిక్సెళ్లవుతుంది, తెరలో నాలుగో వంతుకు పైగా ఇటుకలే మింగేస్తాయి. ఒక వరుస తీసేయండి. బాధ పడక్కర్లేదు, పోలిక చెడదు.

ఆట కిటికీ (విండో) కొలత కూడా చూసుకోండి. 1366 × 768 లాప్‌టాప్‌లో తెర నిండా సాగదీస్తే 240 వరుసలు 3.2 రెట్లవుతాయి, ఇటుకల గీతలు ఎగుడుదిగుడుగా వస్తాయి. 960 × 720 పెడితే సరిగ్గా మూడు రెట్లు, గీత గీతలా ఉంటుంది.

అంచుకు వెళ్తే బొమ్మ చారలు చారలుగా ఈడ్చుకుపోతోంది

కెమెరా బొమ్మ దాటి పోయింది. అక్కడ గీయడానికి ఏమీ లేక పాత ఫ్రేమ్ మిగిలిపోతోంది. బీజీడెఫ్ విభాగంలో డీబగ్‌బీజీ 1 చేయండి. ఖాళీగా ఉన్న చోటల్లా ముదురు గులాబీ రంగు కనిపిస్తుంది. గులాబీ లేకుండా పోయాక మళ్లీ 0 చేయండి.

లెక్క తేలిక. బొమ్మ వెడల్పులోంచి తెర వెడల్పు తీసి సగం చేయండి: 768 - 320 = 448, సగం 224. కెమెరా హద్దులు ఇవే: బౌండ్‌లెఫ్ట్ -224, బౌండ్‌రైట్ 224. పైకి 384 - 240 = 144, కాబట్టి బౌండ్‌హై -144. బౌండ్‌లో 0. మ్యూజెన్ 1.1లో జూమ్ ఉంది. ఈ లెక్క కుదిరేదాకా జూమ్‌ఇన్, జూమ్‌అవుట్ రెండూ 1 దగ్గరే ఉంచండి, లేకపోతే తప్పు ఎక్కడుందో తెలియదు.

గుట్టలు, పొదలు నేల మీద జారుతున్నాయి

వెనక లేయర్ (పొర) అని డెల్టా 0.5 పెట్టి ఉంటారు. కెమెరా కదలికలో ఎన్నో వంతు ఆ లేయర్ కదలాలో డెల్టా చెబుతుంది; మొదటి అంకె అడ్డంగా, రెండోది నిలువుగా. నేలను తాకే ఏ వస్తువుకైనా డెల్టా 1, 1 ఉండాలి. పాత ఆటలో నేల, పొద, గుట్ట, మబ్బు అన్నీ ఒకే బల్ల మీది ముగ్గులా కలిసి కదిలేవి, ఎందుకంటే ఆ యంత్రానికి ఉన్నది ఒక్కటే వెనక పొర. (మబ్బు, పొద ఒకే ఆకారం, రంగులే వేరు. ఆ పొదుపు మీ టైళ్లలోనూ వాడుకోండి, పోలిక ఇట్టే పట్టుబడుతుంది.)

దూరంగా కనబడాల్సింది మహేంద్రగిరి ఒక్కటే. 1,501 మీటర్ల కొండ, మైదానంలోంచి చూస్తే నీలంగా, నిదానంగా కదలాలి. డెల్టా 0.4, 0.5 సరిపోతుంది. వెడల్పు లెక్క: 320 + (2 × 224 × 0.4) = 499.2. కాబట్టి 500 పిక్సెళ్లకు తగ్గకుండా గీయండి.

యోధుడు ఎగిరినప్పుడు కొండకీ నేలకీ మధ్య ఆకాశం చీలికలా కనిపిస్తే, అది నిలువు డెల్టా పని. కెమెరా 32 పైకి వెళ్తే నేల తెర మీద 32 దిగుతుంది, కొండ 16 మాత్రమే దిగుతుంది. మిగిలిన 16 ఖాళీ. కొండ బొమ్మను నేల గీత కింద ఇంకో 32 పిక్సెళ్లు పొడిగించండి. మామూలు వేళ ఇటుకలు దాన్ని కప్పేస్తాయి. ప్రతి చిన్న గెంతుకీ కెమెరా ఊగుతుంటే కెమెరా నిలువు కదలికను అదుపు చేసే ఫ్లోర్‌టెన్షన్ 20, వెర్టికల్‌ఫాలో 0.6 పెట్టి చూడండి.

ఆకాశం మాయమైంది, లేదా రంగులు తారుమారయ్యాయి

256 రంగుల బొమ్మలో 0వ రంగు మాస్క్ 1 పెడితే పారదర్శకం అవుతుంది. ఆకాశపు నీలం ఆ 0వ స్థానంలో కూర్చుంటే ఆకాశమే పోతుంది. నీలాన్ని విడి లేయర్ చేయండి: 320 × 240, డెల్టా 0, 0, మాస్క్ 0, జాబితాలో అన్నిటికంటే ముందు. ముందు రాసింది వెనక, తర్వాత రాసింది ముందు. పాత ఆట నీలానికి దగ్గరగా 92, 148, 252 వాడుకోవచ్చు. అసలు యంత్రం టీవీకి సిగ్నల్ పంపేది కాబట్టి ఒక్కో టీవీలో ఒక్కోలా కనబడేది. ఇదే ఖచ్చితమైన రంగు అని వాదించుకోనక్కర్లేదు.

రంగులు తారుమారైతే, స్ప్రైట్లు (బొమ్మలు) తమకు ముందున్న బొమ్మ పాలెట్‌ను (రంగుల జాబితాను) పంచుకుంటున్నాయని అర్థం. స్ప్రైట్లు సర్దే ఫైటర్ ఫ్యాక్టరీ అనే ప్రోగ్రాంలో ఒక్కో బొమ్మకు దాని పాలెట్ ఉంచండి.

యోధులు గొట్టం వెనక దాక్కుంటున్నారు. ఇటుకల మీద నిలబడలేకపోతున్నారు

మొదటిదానికి లేయర్‌నో 1 (యోధుల ముందు) ఉంటుంది, 0 (వెనక) చేయండి. రెండోది తప్పు కాదు. మ్యూజెన్ స్టేజ్‌కి నేల ఒక్కటే, చదునైనది. గాల్లో ఇటుకలు బొమ్మ మాత్రమే, స్టేజ్ ఫైల్లో ఏ అంకె మార్చినా అవి అడుగు మోయవు. 1999లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రోస్‌లో ఇదే పోలికతో ఉన్న స్టేజ్‌లో ఎక్కి దిగగలిగేవారంటే, ఆ ఆట మొత్తం అందుకోసమే కట్టింది. మీ దాంట్లో ఇటుకలను యోధుల తలకంటే బాగా పైన, నేల గీతకు 130 పిక్సెళ్ల ఎత్తులో పెట్టండి. ఎక్కాలనే ఆశ పుట్టదు, దెబ్బలకూ అడ్డంగా కనబడవు.

మెరిసే పెట్టె కళ్లకు గుచ్చుకుంటోంది

అన్ని ఫ్రేములకూ ఒకే సమయం ఇచ్చారు. అసలు ఆటలో ప్రశ్న గుర్తు పెట్టె వెలుగులో 24 ఫ్రేములు నిలిచి, మధ్య రంగు 8, ముదురు 8, మళ్లీ మధ్య రంగు 8 చూపి తిరిగి వెలుగుతుంది. మొత్తం 48. మ్యూజెన్ కూడా సెకనుకు 60 టిక్కులే కాబట్టి అవే అంకెలు యానిమేషన్ యాక్షన్‌లో వేయండి.

రైలు మరీ తొందరగా వచ్చి పోతోంది

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన ఆ చిన్న రైలు మెల్లగా పోవాలి. బొమ్మ 200 పిక్సెళ్లు, వేగం -1.5, 0, టైల్ 1, 0 (అడ్డంగా పదేపదే రావడం) అనుకుందాం. టైల్‌స్పేసింగ్ 0 ఉంటే రైలుకు రైలు తగిలి తెగని గొలుసు అవుతుంది. 600 పెట్టండి: 200 + 600 = 800 పిక్సెళ్లు, సెకనుకు 90 చొప్పున సుమారు 9 సెకన్లకు ఒక రైలు. రకం నార్మల్ అని ఉండాలి. చక్రాలు గాల్లో కనిపిస్తే రైలును జాబితాలో ముఖ్య బొమ్మకంటే ముందు రాయండి, గట్టు అంచు వాటిని కప్పుతుంది.

స్టేషన్ బోర్డు చదవలేకపోతున్నాం

ఇక్కడ ఓపిక కావాలి. ఇంగ్లీషు అక్షరం 8 పిక్సెళ్లలో ఇమిడిపోతుంది. తెలుగుకు మూడంతస్తులు: పైన గుణింతం, మధ్య అక్షరం, కింద ఒత్తు. 'పర్లాకిమిడి'లో 'ర్లా' ఒక్కటే చూడండి, ర కింద ల ఒత్తు, పైన దీర్ఘం. 16 పిక్సెళ్లలో ఒత్తు చుక్కగా మారి పేరు చెడుతుంది. అక్షరాల ఎత్తు 28కి తగ్గనీయకండి, అందులో ఒత్తుకు కనీసం 8 వదలండి. ఒడియాలో చిక్కు పైన ఉంటుంది: అక్షరాల నెత్తిన గుండ్రం పూడుకుపోతే చాలా అక్షరాలు ఒకేలా కనబడతాయి. ఆ గుండ్రం లోపల కనీసం 3 పిక్సెళ్ల ఖాళీ ఉంచండి. రెండు లిపులకూ యాంటీ అలియాసింగ్ (అంచులను నునుపు చేయడం) ఆపేసి, ఫాంట్ మీద నమ్మకం పెట్టకుండా చేత్తో ఒక్కో పిక్సెల్ దిద్దండి. రెండు భాషల్లో రాసేచోట పైన ఒడియా, కింద తెలుగు, బోర్డు ఎత్తు 72 పిక్సెళ్లు చేస్తే ఊపిరాడుతుంది. రెండు భాషలూ రోజూ మాట్లాడే ఊళ్లో ఒకటి చెడిపోయి ఉంటే ముందు కంట్లో పడేది అదే.

పాట తిరిగి మొదలయ్యేటప్పుడు తెగుతోంది

ఎంపీ3 ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఓజీజీ చేసి, మ్యూజెన్ 1.1లో, పాట ఎక్కడి నుంచి తిరగాలో చెప్పే బీజీఎమ్‌లూప్‌స్టార్ట్ వాడండి. అక్కడ సెకన్లు కాదు, శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన చిన్న ముక్కలు) రాయాలి: 44,100 హెర్ట్జ్ పాటలో 4.5వ సెకను నుంచి తిరగాలంటే 44,100 × 4.5 = 1,98,450. ఫైల్లో కామాలు లేకుండా రాయండి.