పైకప్పున్న పాత చెక్క వంతెనను ఎలా చూడాలి

అమెరికా ఈశాన్యాన వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రాల చిన్న ఊళ్లలో, ఇంటిలాగా గోడలూ కప్పూ ఉన్న పాత చెక్క వంతెనలు నేటికీ కనిపిస్తాయి. ఆ కప్పు బాటసారుల కోసం వేసినది కాదు. బరువు మోసే పక్క చట్రాలు వానకు నాని కుళ్లిపోకుండా వేసినది. అందువల్ల వంతెనను చూడబోయేవారు ముఖద్వారం ఫొటోతో సరిపెట్టుకోక, ఆ చట్రాలను వెతుక్కుంటూ లోపలికి నడవాలి.

చాలా వంతెనలపై ఒకసారికి ఒక్క వాహనమే పడుతుంది కనుక, కారును దూరంగా నిలిపి, ఎదురుగా ఏదీ రావడం లేదని చూసుకుని లోపలికి వెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక పక్కన ఆగండి. ఆ తరువాత గోడను పరిశీలించండి. ఏటవాలు పలకలు ఒకదానినొకటి ఖండిస్తూ జాలీలా అల్లుకుని ఉంటే, అది ఇథియెల్ టౌన్ అనే వాస్తుశిల్పి 1820లో పేటెంటు పొందిన పద్ధతి. పెద్ద దూలాలు గాని, ఆరితేరిన వడ్రంగులు గాని అక్కరలేకపోవడం వల్ల పల్లెటూళ్లకు అది బాగా అనుకూలించింది. పలకలు కలిసే చోట గుండ్రని చెక్క సీలల తలలు వేలికి తగులుతాయి. నా దృష్టిలో వంతెన మొత్తంలో చూడదగినవి అవే. జాలీకి బదులు ఈ కొస నుంచి ఆ కొసకు పెద్ద కమాను వంగి ఉంటే అది థియోడర్ బర్ అనే వంతెనల నిర్మాత పద్ధతి. నిలువునా ఇనుప కడ్డీలుంటే విలియం హౌ అనే నిర్మాత 1840 నాటి పద్ధతి.

కనెక్టికట్ నదిపై కార్నిష్, విండ్సర్ ఊళ్లను కలుపుతూ 1866లో కట్టిన వంతెన జాలీ రకానిదే అయినా, అందులో పలచని పలకలకు బదులు బరువైన చదరపు దూలాలు వాడారు. గుర్రాలను పరుగెత్తించకుండా నడకతోనే తీసుకెళ్లకపోతే రెండు డాలర్ల జరిమానా అన్న హెచ్చరిక దాని ముఖద్వారంపై ఉంది. 1943 వరకు అక్కడ సుంకం కూడా వసూలు చేశారు. చలికాలంలో స్లెడ్జి బండ్లు జారడానికి ఇలాంటి వంతెనల లోపల నేలపై మంచును తెచ్చి పరిచేవారంటే ఇప్పుడు వింతగానే ఉంటుంది.

చివరగా, దారి ఉంటే ఒడ్డుకు దిగండి. దూలాల కొసలు రాతి కట్టడంపై ఆనే చోట మట్టి, తేమ చేరతాయి కాబట్టి కుళ్లు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. పక్క నుంచి చూసినప్పుడు వంతెన నడుమ కాస్త పైకి ఉబికి ఉండాలి. కిందికి జారి ఉంటే చట్రం బలహీనపడిందన్నమాట. అడుగున ఉక్కు దూలాలు కనిపిస్తే, వాహనాల బరువును బహుశా అవే మోస్తున్నాయి.