వార్తల్లోనూ ఇంట్లోనూ ఆశకు ఆధారాలు వెతకడం ఎలా?

ఆశ నిలవడానికి చెడు వార్తలను దాటవేయనక్కరలేదు. వాటిని కాస్త పొడవైన కాలంలో పెట్టి చదివితే చాలు. తుపాను వార్త వచ్చినప్పుడు, నష్టం ఎంతో తెలుసుకున్నాక, అదే తీరంలో అంతకుముందు ఏం జరిగిందో కూడా చూడండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ నగరాన్ని అతలాకుతలం చేసినా, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉపగ్రహ చిత్రాలు, ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, లోతట్టు ఊళ్లను ముందే ఖాళీ చేయించిన సిబ్బంది కలిసి తెచ్చిన మార్పు ఇది. ఇలా కారణం తెలిసిన మెరుగుదలనే నమ్మండి. కారణం చెప్పని శుభవార్తను, ముఖ్యంగా వాట్సాప్‌లో తిరిగేదాన్ని, పక్కన పెట్టడమే మేలు.

ఇంట్లోనూ పద్ధతి ఇదే, కొలత చిన్నది. పిల్లవాడి మార్కులను పక్కింటివారితో కాక, వాడి గత పరీక్షతోనే పోల్చండి. మోకాలి ఆపరేషన్ అయిన నాయనమ్మ నిన్న గుమ్మం దాకా, ఇవాళ వీధి అరుగు దాకా నడిస్తే, ఆ సంగతి భోజనాల దగ్గర అందరూ వినేలా చెప్పండి. ఆవిడ తోబుట్టువుల్లో ఎంతమంది పసితనం దాటి బతికారో కూడా అడగండి. దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకముందే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది.

కష్టంలో ఉన్నవారికి మాత్రం ఈ లెక్కలు వల్లించకండి. ఉద్యోగం పోయిన తమ్ముడికైతే ముందు ఈ నెల ఇంటి అద్దె సంగతి చూడాలి.